విడిది

పాఠ్యభాగ ఉద్దేశం : ఈ పాఠం వ్యాస ప్రక్రియకు చెందినది. విహారార్థం ఒక చోట విడిది చేసినప్పుడు ఆ నాలుగు రోజులను ఏ విధంగా గడిపితే అవి సార్థకమవుతాయో రాజంపేట పరిసరాలను ఉదాహరణగా తీసుకొని చర్చించడం ఇందులోని విషయం.

తెలుగునాట 'విడిది' అనే మాట వినగానే ముందుగా స్ఫురించేది పెండ్లి. తరలివచ్చిన మగపెండ్లివారు దిగడానికి ఆడపెండ్లివారు ఏర్పాటు చేసే ఇంటిని విడిది ఇల్లు అంటారు. అక్కడికి వేళకు వేడినీళ్ళు, పలహారాలు పంపడం ఆతిథేయుల వంతు. పంపినవాటిని మన్ననతో స్వీకరించడం అతిథుల వంతు. కాఫీ చల్లారిందని విడిదిలో అలిగి కూర్చున్న వియ్యపురాలి కథను ఊరు ఏళ్ళ తరబడి చెప్పుకొంటుంది. ఆతిథ్యంలో లోపం ఎంత తప్పో, అతిథిలో అణకువ లేకపోవడం కూడా అంతే తప్పని మన పెద్దల భావన. ఈ విధంగా విడిది అనే మాటలోనే ఇచ్చేవారూ పుచ్చుకొనేవారూ ఇద్దరూ ఉన్నారు.

ఈనాడు విహారయాత్రికుడు దిగే విడిది వేరు. దానిని 'రిసార్టు' అంటున్నారు. ముందుగా డబ్బు చెల్లించి గది నిలుపుకొని, సామానుతో వచ్చి దిగుతారు. ఇచ్చేవారెవరో పుచ్చుకొనేవారికి తెలియదు. తెలుసుకోవలసిన అవసరమూ కనబడదు. వీటిలో ఒక తరగతి రిసార్టులు 'ఉష్ణమండల' వేషం ధరించినవి. ప్రహరీగోడ లోపల వరుసగా కొబ్బరిచెట్లు, వాటి నడుమ బోదకప్పు వేసిన కుటీరాలు, నీలిరంగు పలకలు పరచిన ఈతకొలను, సిమెంటు బండల మీదుగా జారే జలపాతం, గోడల మీద రామచిలుకల బొమ్మలు, భోజనశాలలో నోరూరించే పండ్ల రసాలు. కుటీరం లోపల మాత్రం శీతలయంత్రం ఎడతెరపి లేకుండా పనిచేస్తూ ఉంటుంది.

ఇటువంటి చోట దిగిన కుటుంబాన్ని మొదటి గంట నుండే ఒక ఆందోళన పట్టుకొంటుంది. కట్టిన సొమ్ము గిట్టుబాటు కావాలి గదా అన్నది ఆ ఆందోళన. గిట్టుబాటు రైతుకు, వ్యాపారికి సంబంధించిన మాట. అది విహారంలోకి ప్రవేశించగానే విహారం కాస్తా వ్యవసాయమంత శ్రమ అవుతుంది. వడ్డించిన ప్రతి పదార్థాన్నీ రుచి చూడాలి. కొలనులో మూడు పూటలా దిగాలి. చుట్టుపక్కల ఉన్న క్షేత్రాలన్నీ ఒక్క రోజులో తిరిగి రావాలి. ప్రతి చోటా ఛాయాచిత్రం ఉండాలి. నాలుగవ నాటి సాయంత్రానికి ఇంటికి చేరినవారు మరునాడంతా నిద్రపోతారు. ఏమి చూశారని అడిగితే ఛాయాచిత్రాలు వెదికి చెప్పవలసి వస్తుంది.

ఉష్ణమండల వేషం అసలు ఎక్కడ పుట్టిందో గమనించడం అవసరం. ఆరు నెలలు మంచు కప్పుకొని ఉండే దేశాలలోని ప్రజలకు ఎండ ఒక భాగ్యం. అందుకే వారు దానిని కొని తెచ్చుకొంటారు. జర్మనీ దేశంలోని బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రంలో భారీ గాలినౌకల కోసం కట్టిన ఒక కొట్టం ఆ పనికి ఉపయోగపడకుండా మిగిలిపోయింది. దాని పొడవు 360 మీటర్లు, వెడల్పు 210 మీటర్లు, ఎత్తు 107 మీటర్లు. 2004 డిసెంబరులో దానిని 'ట్రాపికల్ ఐలాండ్స్' అనే పేరుతో విహారస్థలంగా మార్చి తెరిచారు. బయట మంచు కురుస్తున్నా లోపల 26 డిగ్రీల వెచ్చదనం ఉంటుంది. ఇసుకతిన్నె ఉంటుంది, వేల మొక్కలతో పెంచిన అడవి ఉంటుంది. చలిదేశంలో పుట్టిన బిడ్డకు అరటిచెట్టు ఒక వింత కాబట్టి ఆ వేషానికి అక్కడ అర్థం ఉంది.

మన దేశంలో విడిది చరిత్ర దీనికి సరిగ్గా తలక్రిందులుగా నడిచింది. ఇంగ్లీషు పాలకులు ఉష్ణమండలాన్ని వెదుక్కొంటూ తిరుగలేదు. దాని నుండి పారిపోయారు. కడప జిల్లా కలెక్టరుగా పనిచేసిన డబ్ల్యు. డి. హార్సిలీ వేసవి తాపానికి తాళలేక, ఆనాడు కడప జిల్లాలోనే ఉన్న మదనపల్లె ప్రాంతంలోని ఏనుగు మల్లమ్మ కొండను ఎన్నుకొన్నాడు. 1870లో దాని మీద వేసవి భవనం కట్టుకొన్నాడు. నాలుగువేల అడుగులకు పైబడిన ఎత్తు వలన అక్కడి గాలి చల్లగా ఉంటుంది. కొండకు కలెక్టరు పేరు స్థిరపడింది. ఆ కొండ మీద ఏనుగుల నడుమ తిరిగిందని చెప్పుకొనే మల్లమ్మ పేరు జనవాక్యంలో మిగిలింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కొండ ఆ జిల్లాకు చేరింది. ఆనాటి దొర ఉష్ణమండలాన్ని తప్పించుకోవడానికి కొండ ఎక్కితే, ఈనాటి యాత్రికుడు ఉష్ణమండలపు బొమ్మను చూడడానికి డబ్బు కట్టి, శీతలయంత్రం కింద కూర్చొంటున్నాడు.

రాజంపేటకు వచ్చే యాత్రికునికి బొమ్మ అవసరం లేదు. ఈ పట్టణం భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 14 డిగ్రీల అక్షాంశం వద్ద ఉన్నది. కర్కటరేఖ ఇరవైమూడున్నర డిగ్రీల వద్ద ఉన్నది. అంటే ఇది సాక్షాత్తు ఉష్ణమండలం. అయితే గోడల మీద చిత్రించే ఉష్ణమండలానికీ దీనికీ పోలిక తక్కువ. చిత్రంలోని దేశంలో ఏడాది పొడవునా వాన, ఏడాది పొడవునా పచ్చదనం. కడప ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అదీ నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ సక్రమంగా వస్తేనే. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం సామాన్యం. పాలకొండల, శేషాచలం కొండల మీది అడవి చాలా వరకు ఆకు రాల్చే అడవి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనం ఈ కొండల సొత్తు. ఆ వృక్షం వేసవిలో ఆకులన్నీ రాల్చి నీటిని పొదుపు చేసుకొంటుంది. మొదటిసారి చూసినవారు అడవి ఎండిపోయిందని జాలిపడతారు. అది ఎండిపోలేదు, కాలాన్ని ఎరిగి మెలగుతున్నది. 2010లో శేషాచలం కొండలను జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనం దొంగరవాణా వలన ఇక్కడి అడవిలో నిఘా ఎక్కువ కాబట్టి, అడవిలోకి వెళ్ళదలచినవారు అటవీశాఖ అనుమతి ముందుగా పొందాలి.

ఈ నేలలో ఎక్కడ నీరు దొరికితే అక్కడ పచ్చదనం పొంగి వస్తుంది. రాజంపేట నుండి తిరుపతి మార్గంలో రైల్వేకోడూరు వైపు సాగితే మామిడి, అరటి, బొప్పాయి, చీనీ తోటలు కనబడతాయి. కోడూరు వద్ద అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన కేంద్రమూ, ఉద్యాన కళాశాలా ఉన్నాయి. ఈ పచ్చదనం వెనుక బోరుబావులు, బిందుసేద్యపు గొట్టాలు, రాత్రివేళ కరెంటు కోసం మేలుకొనే రైతులు ఉన్నారు. రిసార్టులోని కొబ్బరిచెట్టుకూ, పక్క పొలంలోని చీనీచెట్టుకూ నీరు వచ్చేది ఒకే భూమి పొరలో నుండి. అతిథి తన గదిలో కుళాయి తిప్పేటప్పుడు ఈ సంగతి ఎరిగి ఉండాలి.

జలపాతాన్ని చూడాలనుకొన్నవారికి శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలోని తలకోన ఉన్నది. సుమారు 270 అడుగుల ఎత్తు నుండి నీరు పడుతుంది. లోయలో నీడ దట్టం. కొమ్మల ఎత్తున తాళ్ళతో కట్టిన వంతెన మీద నడుస్తూ చెట్ల తలలను చూడవచ్చు. సిమెంటు జలపాతానికి మీట ఉంటుంది, తలకోనకు ఋతువు ఉంటుంది. వానల తరువాత వెళ్ళినవారికి హోరు వినబడుతుంది. వేసవిలో వెళ్ళినవారికి బండ మీద సన్నని ధార మాత్రమే కనబడవచ్చు. ఇది మోసమని కొందరు విసుక్కొంటారు. జలపాతం ఎవరికీ మాట ఇవ్వలేదు.

విహారానికి మన ప్రాచీన సాహిత్యంలో గొప్ప స్థానం ఉన్నది. ప్రబంధంలో ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో శైలం, ఋతువు, ఉద్యానం, సలిలక్రీడ, చంద్రోదయం, సూర్యోదయం చేరి ఉన్నాయి. నేటి రిసార్టు యజమాని వీటిలో ఉద్యానాన్నీ సలిలక్రీడనూ మాత్రం ఏరుకొని, తక్కిన వాటిని వదలివేశాడు. ఋతువును ఆయన అమ్మలేడు. సూర్యోదయానికి రుసుము పెట్టలేడు. అతిథి వాటిని తానే వెదుక్కోవాలి.

కడప సీమలోని కోకటం గ్రామాన్ని అగ్రహారంగా పొందిన అల్లసాని పెద్దన మనుచరిత్రలో ఒక విహారయాత్రికుని చిత్రించాడు. అతడు ప్రవరుడు. తీర్థయాత్రికులు ఇంటికి వస్తే ఆదరించి, వారు చూసిన పుణ్యస్థలాలు ఎంత దూరంలో ఉన్నాయో, ఏమేమి విశేషాలున్నాయో అడిగి ముచ్చటపడేవాడు. ఒక సిద్ధుడు ఇచ్చిన పాదలేపం పూసుకొని క్షణంలో హిమాలయాన్ని చేరాడు. చూడవలసినవి చూసి, మధ్యాహ్న కృత్యాల వేళకు ఇల్లు చేరాలని అతని తలంపు. మంచు తగిలి లేపం కరిగిపోయింది. తిరుగు ప్రయాణానికి దారి లేకపోయింది. కథ ఆ తరువాత వరూధిని వైపు మళ్ళుతుంది. ప్రవరుని నియమనిష్ఠలను విద్యార్థులు ఎరుగుదురు. ఇక్కడ గమనించవలసినది అతని ప్రయాణ పద్ధతి. ఏళ్ళ తరబడి కోరుకొన్న కొండకు అతడు కేటాయించినది ఒక్క పూట. దారి లేకుండా చేరినవానికి దారి తెలియదు. అడుగులు వేసి వెళ్ళినవాడు లేపం లేకపోయినా తిరిగి రాగలడు. మోటారుబండి అద్దాలు మూసుకొని రిసార్టు వాకిట దిగి, మళ్ళీ అక్కడే ఎక్కి వెళ్ళేవారిది కూడా ఒక విధమైన పాదలేపమే.

ఇందుకు భిన్నమైన యాత్రికుడు ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్. 1652లో అతడు గండికోటలో ఉన్న మీర్‌జుమ్లాను కలుసుకోవడానికి ఈ మార్గాన పోయాడు. అతని పని వజ్రాల వ్యాపారం. అయినా దారిలో ఒంటిమిట్ట కోదండరామాలయ గోపురాన్ని చూసి ఆగాడు, దాని గొప్పతనాన్ని తన గ్రంథంలో నమోదు చేశాడు. భాష తెలియని, మతం వేరైన పరదేశికి అంత తీరిక దొరికింది. అదే గోపురం ముందు ఈనాడు చాలామంది పది నిమిషాలు గడిపి, తరువాతి క్షేత్రానికి వేళ మించిపోతున్నదని తొందరపడతారు.

రాజంపేట చుట్టూ చూడదగిన స్థలాలకు కొదువ లేదు. వాగ్గేయకారుడు అన్నమాచార్యులు జన్మించిన తాళ్ళపాక పది కిలోమీటర్ల లోపే ఉన్నది. కడప - తిరుపతి రహదారి పక్కన నిలిపిన ఆయన 108 అడుగుల విగ్రహం దూరానికే కనబడుతుంది. చెయ్యేటి ఒడ్డున అత్తిరాలలో పరశురాముని ఆలయం ఉన్నది. అదే ఏటి ఒడ్డున నందలూరులో 108 స్తంభాల సౌమ్యనాథాలయం ఉన్నది, అందులో చోళుల కాలపు శాసనాలున్నాయి. ఇవన్నీ ఒకే రోజు చుట్టిరావడం సాధ్యమే. కాని నాలుగు రోజులు ఉండేవారు నాలుగు చోట్లకు నాలుగుసార్లు వెళ్ళడం కంటె, ఒకే చోటికి రెండుసార్లు వెళ్ళడం మేలు. సౌమ్యనాథుని ముంగిట ఉదయం చూసిన రాయి వేరు, సాయంకాలపు ఏటవాలు వెలుగులో చూసిన రాయి వేరు. మొదటిసారి కన్ను గోపురాన్ని చూస్తుంది. రెండవసారి గాని స్తంభాల మీది చిన్న బొమ్మలను గుర్తించదు.

కాలాన్ని గూర్చి కూడా రెండు మాటలు. ఉష్ణమండలంలో పగటి నడిభాగం విహారానికి పనికిరాదు. ఈ నేలలో రైతులు, పశువులు, పక్షులు ఆ వేళకు నీడ చేరుతారు. రిసార్టు అతిథి మాత్రం తొమ్మిది గంటలకు లేచి, పదకొండు గంటలకు పలహారం ముగించి, పన్నెండు గంటల ఎండలో బయలుదేరుతాడు. తెల్లవారుజామున లేచినవానికి రెండు మూడు గంటలు అదనంగా దొరుకుతాయి. వీటికి ఎవరూ డబ్బు అడగరు. ఆ వేళలో పూలబుట్టలతో బస్సు కోసం నిలిచినవారు, తోటలకు పోయే కూలీలు, పాలు పోసి వచ్చేవారు ఎదురవుతారు. మధ్యాహ్నం నిద్రకూ, పుస్తకానికీ, పెద్దవారితో కబుర్లకూ తగిన సమయం. ఋతువును ఎన్నుకొనే వీలుంటే మార్గశిర, పుష్య, మాఘ మాసాలు సుఖకరం. మామిడిపండ్ల కోసం వచ్చేవారు ఎండను కూడా పండ్లతో పాటే స్వీకరించాలి.

భోజనం సంగతి. ఎక్కడికి వెళ్ళినా ఒకే రకం వంటకాలు వడ్డించే అలవాటు రిసార్టులలో బలపడింది. ఈ సీమకు తనదైన భోజనం ఉన్నది. రాగిసంకటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, ఉదయాన ఉగ్గాని, ఎర్రకారం పూసిన దోసె, పండుగ నాడు ఓళిగలు. అతిథి అడిగితే వంటవారు సంతోషంతో చేసిపెట్టగలరు, ఎందుకంటే వారు తమ ఇంట తినేది అదే. అడగనందువల్లనే అది వడ్డనలోకి రాదు. అయితే రాగిసంకటిని నమలబోయి అవస్థపడేవారు ఉన్నారు. దానిని ముద్దగా పులుసులో అద్ది మింగాలి. ఈ చిన్న సంగతి కూడా స్థానికులే చెప్పాలి.

అడగడం అనేది ఎంత విలువైనదో తెలిపే సంఘటన కడప జిల్లా చరిత్రలో ఒకటి ఉన్నది. కలివికోడి అనే పక్షిని 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తరువాత అది పండితుల కంట పడలేదు. ఆ జాతి నశించిపోయిందని చాలామంది భావించారు. 1986 జనవరిలో లంకమల కొండల చెంత రెడ్డిపల్లె సమీపంలో అది మళ్ళీ దొరికింది. పరిశోధకులు ఆ పక్షి చిత్రాలను చేతబట్టుకొని పల్లెల్లో అడుగుతూ తిరిగారు. రాత్రిపూట పొదల నడుమ సంచరించే ఆ పక్షిని అక్కడి వేటకాండ్రు ఎరుగుదురు. ఎనభై ఏళ్ళకు పైగా శాస్త్రవేత్తలకు దొరకనిది ఊరివారిని అడిగితే దొరికింది. దాని రక్షణ కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రిసార్టు తోటలో పాదులు చేసే మనిషి, పక్కలు దులిపే మహిళ చాలావరకు చుట్టుపక్కల పల్లెలవారే అయి ఉంటారు. ఆ కొండ పేరేమిటని, ఈ చెట్టును మీరేమంటారని అడిగితే వారు చెప్పగలరు. వారి పేరు కూడా అడగవచ్చు. మొదటి రోజే అడిగితే మరీ మంచిది.

అత్తిరాల వద్ద చెయ్యేరును బాహుదా నది అని కూడా అంటారు. ఈ పేరు వెనుక మహాభారత శాంతిపర్వంలోని ఒక కథ ఉన్నది. శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఇద్దరూ మునులు. బాహుదా తీరంలో వేర్వేరు ఆశ్రమాలు కట్టుకొని తపస్సు చేసుకొనేవారు. ఒకనాడు లిఖితుడు అన్న ఆశ్రమానికి వెళ్ళాడు. అన్న ఇంట లేడు. చెట్లకు పండ్లు విరగకాచి ఉన్నాయి. తమ్ముడు చొరవగా కోసుకొని తింటూ కూర్చున్నాడు. అన్న వచ్చి, "ఈ పండ్లు ఎక్కడివి?" అన్నాడు. తమ్ముడు నవ్వుతూ, "ఇక్కడివే" అన్నాడు. అడగకుండా తీసుకొన్నావు కాబట్టి ఇది దొంగతనమే, రాజు వద్దకు వెళ్ళి శిక్ష పొందమని అన్న ఆదేశించాడు.

లిఖితుడు సుద్యుమ్న మహారాజు వద్దకు వెళ్ళి జరిగినది చెప్పాడు. శిక్షించే అధికారం ఉన్నవానికి క్షమించే అధికారం కూడా ఉన్నదని రాజు నచ్చజెప్పబోయాడు. లిఖితుడు వినలేదు. రాజు విధి లేక చేతులు నరికించాడు. నెత్తురోడుతూ తిరిగి వచ్చిన తమ్ముని చూసి అన్న, నదిలో స్నానం చేసి దేవతలకు, పితృదేవతలకు తర్పణం విడువమన్నాడు. చేతులు లేనివాడు నీటిలో మునిగి తర్పణానికి పూనుకోగానే రెండు చేతులూ మొలిచాయి. బాహువులను ఇచ్చినది కాబట్టి బాహుద. చేయి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు అని ఈ ప్రాంతీయులు చెబుతారు. చిత్తూరు ప్రాంతంలో కాణిపాకం వద్ద పారే బాహుదా నదికి కూడా ఈ కథనే చెబుతారు. పురాణకథ ఒక్క ఒడ్డుకే కట్టుబడి ఉండదు.

ఈ కథలో శిక్ష మితిమీరినదని ఆధునికులకు తోచడం సహజం. నేరం చూస్తే చాలా చిన్నది. అన్న ఇంటి చెట్టు, పట్టెడు పండ్లు. కాని లిఖితుడు ఆనాడు అతిథిగా వచ్చాడు. ఆతిథేయుడు ఎదుట లేని సమయంలో తన చేతికి అందినదంతా తనదే అనుకొన్నాడు. ఆ నవ్వులోని నిశ్చింత కథకు కీలకం. విడిదికి రుసుము చెల్లించినవారికి కూడా ఇదే నిశ్చింత కలుగుతుంది. గదికి డబ్బు ఇచ్చాము కాబట్టి నీరు మనదే అనుకొంటారు. బకెట్టుతో ముగిసే స్నానానికి గంట సేపు జల్లుకుళాయి కింద నిలుస్తారు. ఒక్క పూట వాడిన తువ్వాళ్ళను ఉతుకుకు వేస్తారు. ఏ భూమి నుండి ఆ నీరు వచ్చిందో ఆ భూమి యజమానులు ఎవరూ ఆ సమయంలో ఎదుట ఉండరు. అన్న ఇంట లేడు.

ఏడాదిలో ఎక్కువ కాలం చెయ్యేరు ఇసుకగానే కనబడుతుంది. తెల్లని ఇసుక మీద పిల్లలు ఆడుకొంటారు, పశువులు అడ్డంగా నడిచిపోతాయి. విహారానికి వచ్చినవారు ఇదేమి ఏరని నవ్వడమూ కద్దు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఇదే ఏరు ఊళ్ళ మీదికి వచ్చింది. అది కార్తిక పౌర్ణమి వేళ. బంగాళాఖాతంలో ఏర్పడిన వాయుగుండం వలన ఎగువన కుండపోత వానలు కురిశాయి. ముందుగా పింఛా జలాశయం కట్ట తెగింది. ఆ నీరంతా రాజంపేట మండలం బాదనగడ్డ వద్ద చెయ్యేటి మీద ఉన్న అన్నమయ్య జలాశయానికి చేరింది. జలాశయం వదలగలిగిన దాని కంటె వచ్చిన వరద ఎక్కువైంది. మట్టికట్ట కొట్టుకుపోయింది. దిగువన ఉన్న పులపత్తూరు, మందపల్లె, తొగురుపేట, గుండ్లూరు వంటి గ్రామాలు నీటిపాలయ్యాయి. పదుల సంఖ్యలో మనుషులు చనిపోయారు. పశువులు కొట్టుకుపోయాయి, ఇండ్లు నేలమట్టమయ్యాయి, పంటపొలాల మీద ఇసుక మేటలు వేసింది. నందలూరు వద్ద రైలుమార్గం కూడా కోసుకుపోయింది.

ఉష్ణమండలమంటే ఇదీ. కరవు, వరద ఒకే ఆకాశం నుండి వస్తాయి. ఒక్కొక్కప్పుడు ఒకే ఏడాదిలో వస్తాయి. నీలిరంగు కొలనులో నీరు ఎల్లప్పుడూ నాలుగు అడుగుల లోతునే ఉంటుంది. నిజమైన ఏటికి అటువంటి నియమం లేదు. అత్తిరాలకో నందలూరుకో వెళ్ళి ఏటిలోకి దిగదలచిన విహారి ముందుగా ఒడ్డున ఉన్నవారిని అడగాలి. ఎగువన వాన పడిందా, నీరు వదిలారా, ఎక్కడ గుంటలున్నాయి అన్న సంగతులు వారికి తెలుసు. ఆ సంభాషణ కొంత సాగితే వారిలో కొందరు ఆనాటి రాత్రిని గూర్చి తామే చెప్పవచ్చు. చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగరాదు. తమ నష్టాన్ని ఛాయాచిత్రంగా తీసుకొనిపోవడానికి వచ్చినవారిని వారు అప్పటికే చాలామందిని చూసి ఉంటారు.

ఈ విధంగా గడిపినవారికి నాలుగు రోజులలో చూసిన స్థలాల సంఖ్య తగ్గుతుంది. కొలనులో దిగడం కూడా తగ్గవచ్చు. పిల్లలకు కొలను ఇష్టం కాబట్టి వారిని సాయంత్రం పూట దింపవచ్చు, అందులో దోషమేమీ లేదు. రిసార్టు నీడలో విశ్రాంతి పొందడమూ తప్పు కాదు. ఏడాదంతా ఎండలో, కార్యాలయాల్లో, వంటింటి సెగలో శ్రమించిన శరీరాలకు అది హక్కు. తల్లికి నాలుగు రోజులు పొయ్యి ముట్టించే పని తప్పడమే చాలా కుటుంబాలలో విహారం వలన కలిగే మొదటి మేలు. ఆ మేలు ఒక్కటే లెక్కకు వచ్చినా డబ్బు వృథా కాలేదనే అనుకోవాలి.

వెళ్ళే రోజున తిరుపతి వైపు పోయేవారికి కోడూరు పరిసరాలలో రహదారి పక్కన పండ్ల అంగళ్ళు కనబడతాయి. మామిడి కాలమైతే మామిడి, లేకుంటే అరటి, బొప్పాయి కుప్పలుగా పోసి ఉంటాయి. బేరం ఆడి కొనేటప్పుడు అంగడివారు ఊరక ఉండరు. ఎక్కడి నుండి వస్తున్నారో, ఎన్ని నాళ్ళు ఉన్నారో విచారిస్తారు. రాజంపేటలో దిగినామని చెబితే పండ్లు తూకం వేస్తూనే, "చెయ్యేట్లో నీళ్ళు ఉండాయా అన్నా?" అని అడిగినా అడుగుతారు. ఏటిని చూసి వచ్చినవారు ఎంత నీరున్నదో, ఏ ఒడ్డున పారుతున్నదో చెప్పగలుగుతారు.

అభ్యాసం

1. 'విడిది' అనే మాటకు గల పూర్వార్థాన్ని, నేటి అర్థాన్ని పోల్చి ఒక పుటకు మించకుండా వ్రాయండి.

2. ప్రవరుని ప్రయాణానికీ, టావెర్నియర్ ప్రయాణానికీ గల భేదాన్ని వివరించండి.

3. "అన్న ఇంట లేడు." ఈ వాక్యం పాఠంలో ఏ సందర్భంలో మరల ప్రయుక్తమైనదో తెలిపి వ్యాఖ్యానించండి.

4. లిఖితునికి విధించిన శిక్ష న్యాయమైనదేనా? మీ అభిప్రాయాన్ని హేతువులతో సమర్థించండి.

5. మీ ఊరికి సమీపంలో ఉన్న ఏరు లేదా చెరువు పేరు ఎలా వచ్చిందో పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాయండి.